టీ కొట్టు దగ్గర పెట్టిన సంతకం

పోయినవారం నూకరత్నాన్ని కొండదారి మొదట్లో వదిలేశాం. ఒక చేతిలో టెండరు ఫైలు, రెండో చేతిలో నీళ్ల సీసా, కాళ్లకు కూతుర్ని బతిమాలి తెచ్చుకున్న బూట్లు. వెనక నలుగురు కాంట్రాక్టర్లు. నర్సీపట్నం ఆఫీసులో ఏసీ హాలుండగా టెండరుకు ముందు మీటింగు కొండమీద పెట్టడమేమిటని ఆ నలుగురూ జీపులో కూర్చున్నప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నారు.

ఈవారమే ఈ కథలో కాలు పెట్టినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నూకరత్నం మన్యధార నీటి సరఫరా సంస్థలో కొనుగోళ్లకూ కాంట్రాక్టులకూ మేనేజరు. నట్టు బోల్టు దగ్గర్నుంచి పంపుసెట్టు దాకా అక్కడ ఏది కొనాలన్నా, ఏ పని ఎవరికి అప్పగించాలన్నా ఆమె సంతకం పడాలి. జీలుగులోవ అని నలభై గడపల కొండ ఊరు. దానికి పైనున్న ఊట నుంచి గొట్టాల్లో నీళ్లు దింపే పని రెండుసార్లు టెండరుకు వెళ్లి, రెండుసార్లూ బోర్లా పడింది. మొదటిసారి పని దక్కించుకున్నాయన కొండ కిందున్న లచ్చన్న టీ కొట్టు దాకా వచ్చి, తలెత్తి పైకి చూసి, అట్నుంచి అటే వెళ్లిపోయాడు. రెండోసారి ఒక్కరంటే ఒక్కరూ టెండరు వేయలేదు. ఇది మూడోసారి. ఇదీ పోతే నియమం ప్రకారం పథకం రద్దవుతుంది, జీలుగులోవకు కేటాయించిన డబ్బంతా ఇంకో ఊరికి మళ్లిపోతుంది.

అందుకే నూకరత్నం మొండికేసింది. కాగితం చూసి కాదు, కొండ చూసి టెండరు వేయమంది. చేత్తో తోసుకుంటూ దూరం కొలిచే చక్రాన్ని స్టోర్సు నుంచి తెప్పించి, దాన్ని వంతులవారీగా కాంట్రాక్టర్ల చేతే తోయించింది. రాళ్లమీద అది ఎగిరెగిరి పడుతుంటే, పెద్ద పెద్ద పనులు చేసిన మంగరాజు లాంటివాడు కూడా దాన్ని రెండు చేతులా పట్టుకుని, బెదిరిన దూడను నడిపించినట్టు నడిపించుకొచ్చాడు.

"మేడమ్ గారూ, అంచనాలో రోడ్డు కాణ్ణించి ఊరికి ఒకటిన్నర కిలోమీటరని రాసారు గదా," అన్నాడు మంగరాజు, ఒక మలుపు దగ్గర నడుముమీద చెయ్యి వేసుకుని. "నా కాళ్లు యేరే లెక్క సెప్తన్నాయి."

నూకరత్నం విననట్టే నడిచింది. వినకేం, బాగానే వింది. ఆ ఒకటిన్నర ఎక్కడిదో ఆ గుంపులో తెలిసినది ఆమెకొక్కదానికే. ఇన్ని వారాలుగా ఆమె మనకు కూడా చెప్పకుండా దాచిన సంగతి అదే.

రోడ్డు మీంచి గొట్టాలను ఊళ్లోకి చేర్చాలంటే లారీ పోదు, ట్రాక్టరు పోదు, మనుషులు తలమీద మోయాలి. ఎంత దూరం మోయాలో అంచనాలో రాసినదాన్ని బట్టే మోతకూలీ కడతారు. ఐదు మోయాల్సిన చోట ఒకటిన్నర అని రాస్తే ఏ కాంట్రాక్టరు మాత్రం ముందుకొస్తాడు? రెండు టెండర్లు పోయింది అందుకే. ఊరివాళ్లేమో తమ ఊరంటే ఆఫీసువాళ్లకు చిన్నచూపని అనుకున్నారు. ఆఫీసువాళ్లేమో కాంట్రాక్టర్లకు కొండంటే బద్ధకమని అనుకున్నారు. నూకరత్నానికే నెల కిందట పాత ఫైలు తిరగేస్తుంటే కళ్లు తెరుచుకున్నాయి.

ఊరు చేరేసరికి చక్రం మీద అంకె ఐదు కిలోమీటర్ల రెండు వందల మీటర్ల దగ్గర ఆగింది. మంగరాజు ఆ అంకెను సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

ఊళ్లో ఆడవాళ్లు ముందే చాపలు పరిచి ఉంచారు. అందరికీ రాగి అంబలి పోశారు. సోమలమ్మ అని అరవై దాటిన మనిషి, ఊళ్లో ఏ మాటైనా ముందు ఆమే మాట్లాడుతుంది. ఆమె ఒక చెంబుతో నీళ్లు తెచ్చి మధ్యలో పెట్టింది.

"కాల్లు కడుక్కోడానికి నీల్లియ్యనేదని అనుకోకండి బాబూ," అంది. "ఇయ్యి దిగువ గెడ్డలో పారే నీల్లు, నా కోడలు మోసుకొచ్చింది. గొంతు తడుపుకోండి. కాల్లు అల్లాగే ఉండనీండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. అయినా చెంబు చేతులు మారినప్పుడు ఒక్కొక్కరూ రెండేసి గుక్కలకు మించి తాగలేదు.

మీటింగు మొదలైంది. పని ఎన్ని నెలల్లో పూర్తి చేయాలి, ట్యాంకు ఎక్కడ కట్టాలి, ఊట దగ్గర జల్లెడ ఎవరు బిగించాలి, ఒక్కొక్క ప్రశ్నకూ నూకరత్నం జవాబు చెబుతూ రాసుకుంటోంది. నాలుగైదు ప్రశ్నలయ్యాక మంగరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇది కూడా రాసుకోండి మేడమ్. అంచనా కాగితం ఎనకాల ఒక సర్టిఫికెట్టుంటాది గదా, స్థలం స్వయంగా చూశాం అని. దానిమీద ఎవరో సంతకం ఎట్టేవుంటారు. ఆళ్లెవరో సెప్తే, గొట్టాలు ఆళ్ల సేతే మోయిద్దుం."

మిగతా ముగ్గురూ నవ్వారు. ఊళ్లో మగవాళ్లు కూడా అర్థమైనంతమేరకు నవ్వారు. నూకరత్నం చేతిలో పెన్ను ఆగిపోయింది. పాత రికార్డు పరిశీలించి తెలియజేస్తాం, అనే ఒక్క ముక్క చాలు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ ముక్క ఆమెను ఎన్నో గండాలు గట్టెక్కించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

సోమలమ్మ అప్పటికి చాలాసేపట్నుంచి ఆమె మొహంలోకే చూస్తోంది.

"నువ్వు ముందో పాలి ఒచ్చినావు గదమ్మా," అంది.

నూకరత్నం తలెత్తింది.

"ఆరేల్లయ్యింది. నాను సంతకి సింతపండు మోసుకెల్లి తిరిగొస్తన్నాను. వర్సం ఒచ్చీసేలాగుంది. నువ్వు లచ్చన్న కొట్టుకాడ బల్లమీద కూకుని టీ తాగతన్నావు. నీతో ఒక పెద్దాయనున్నాడు. ఏటమ్మా, మా ఊరొస్తన్నారా అనడిగినాను. ఒస్తన్నాం, నువ్వు నడు అన్నావు. నాను బేగి పైకొచ్చి ఊరందరికీ సెప్పీసినాను. మాకు నీల్లిచ్చీవోల్లు ఒస్తన్నారని. పిల్లలు కొండ అంచుకాడ నిలబడ్డారు. సీకటడేదాకా సూసినాం."

ఒక కాంట్రాక్టరు అంబలి గ్లాసు కింద పెట్టాడు. నూకరత్నానికి తల కొట్టేసినట్టయింది. ఆరేళ్లుగా ఆ రోజును ఆమె ఒక చిన్న పొరపాటుగానే గుర్తుంచుకుంది. వాన, జీపు, ఒక సంతకం. పైన పిల్లలు నిలబడి ఎదురుచూశారని ఆమెకు ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. లేచి పరుగెత్తి ఆ ఐదు కిలోమీటర్లూ దిగిపోవాలనిపించింది.

పరుగెత్తలేదు. లేచి నిలబడింది మాత్రం.

"అవునమ్మా, నేనే," అంది. తర్వాత కాంట్రాక్టర్ల వైపు తిరిగింది. "మంగరాజు గారూ, మీరడిగిన సంతకం నాది. ఆ రోజు వాన వస్తోందని కొట్టు దగ్గరే ఆగిపోయాను. ఆఫీసులో మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం అప్పటికే కాగితంలో ఉంది. పిట్ట ఎగిరితే ఒకటిన్నర కిలోమీటరు. మనిషి నడిస్తే ఎంతో నేను చూళ్లేదు. చూశానని సంతకం పెట్టాను. ఆరేళ్లు ఈ ఊరికి నీళ్లు రాకపోవడానికి కారణం నా సంతకం. ఇది కూడా మీటింగు కాగితంలో రాస్తాను."

ఆ పెద్దాయన ఎవరని ఎవరైనా అడుగుతారేమోనని ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎవరూ అడగలేదు.

సోమలమ్మ దీవించనూ లేదు, తిట్టనూ లేదు.

"తప్పు ఒప్పుకున్నావు, బాగుంది. ఇప్పుడేటి సేస్తావు, అది సెప్పు," అంది.

అదీ ప్రశ్నంటే. నూకరత్నం ఊపిరి తీసుకుని చెప్పింది. దూరం ఒకటిన్నర కాదు, ఐదు కిలోమీటర్ల రెండు వందల మీటర్లని సవరణ ప్రకటన ఇవాళే ఇస్తుంది. మోత పని ముందు ఈ ఊరివాళ్లకే ఇవ్వాలని, వాళ్లు కాదంటేనే బయటివాళ్లను తేవాలని షరతు చేరుస్తుంది. ఊళ్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. ఎవరో ఒక ముసలాయన, రోజుకు రెండు నడకలు నడవగలం, మూడంటే మా వల్ల కాదని ముందే చెప్పేశాడు. దాన్నీ రాసుకుంది.

మంగరాజు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "మేడమ్, దగ్గరదగ్గర పాతికేళ్లయి టెండర్లేస్తన్నాను. ఆపీసోళ్లు తప్పయిందనగా యినడం ఇదే. నిజం సెప్పాలంటే మేం మాత్రం ఏటి, స్థలం చూశాం అని కొట్టుకాడే సంతకాలెట్టీసి ఒచ్చీవోళ్లమే. దూరం మార్సి కాగితం ఎట్టండి. నాను ఏస్తాను."

"నాదీ అదే మాట," అన్నాడు రోలుగుంట నుంచి వచ్చిన నాగేంద్ర. మిగతా ఇద్దరూ నోటితో చెప్పలేదు గానీ, దిగేముందు ఊట దాకా దారి ఎటని ఊరివాళ్లను అడిగి మరీ చూసి వచ్చారు.

నర్సీపట్నం ఆఫీసుకు చేరేసరికి మూడున్నర. సవరణ ప్రకటన వెబ్‌సైటులో ఐదులోగా ఎక్కాలి. టెండరు గడువుకు ఏడు రోజుల ముందు ఎక్కకపోతే అది చెల్లదు, రేపటికి ఆరు రోజులే మిగులుతాయి. నూకరత్నం గబగబా టైపు చేసి, ప్రింటు తీసి, ఆ కాగితం పట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది.

అక్కడ గణేశ్వరరావు మోకాలికి నొప్పి మందు రాసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఆ విభాగంలో డిప్యూటీ మేనేజరు. నూకరత్నం జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు టెండరు కవరు ఎలా విప్పాలో, కొట్టివేత కనబడితే పక్కన పొట్టి సంతకం ఎందుకు పెట్టించాలో, నవ్వుతూ వచ్చే కాంట్రాక్టరును ఎంత దూరంలో కూర్చోబెట్టాలో నేర్పింది ఆయనే. తర్వాత ఆమె ఆయన్ని దాటి పైకి వెళ్లినప్పుడు ఆఫీసంతా ఆయన మొహం వంక చూసింది. ఆయన మాత్రం మిఠాయి పొట్లం తెప్పించి అందరికీ పంచాడు. ఆమె ఈనాటికీ ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తుంది.

"ఏటమ్మా, కొండెక్కొచ్చావా," అన్నాడు నవ్వుతూ.

నూకరత్నం కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వు మానేశాడు.

"సోమలమ్మని ఒకావిడ నన్ను గుర్తుపట్టింది మాస్టారూ. కొట్టు దగ్గర మనిద్దర్నీ చూసిందట. నేను నా పేరే చెప్పాను. కాగితంలో కూడా నా పేరే ఉంది."

"పాత సర్టిఫికెట్టు తీస్తే నీ సంతకం కింద నాది కనబడతాది," అన్నాడు ఆయన మెల్లగా.

"కనబడుద్దండి."

ఆయన రిటైరుమెంటు ఇంకా ఇరవై రోజులు. ముప్పై ఆరేళ్లు ఒక్క మెమో లేకుండా పనిచేసిన మనిషి. దండలూ శాలువా కోసం ఆఫీసులో అప్పుడే చందా పుస్తకం తిరుగుతోంది.

"దారి మారినందున అని రాయొచ్చు గదమ్మా. ఎవరికీ దెబ్బ తగలదు."

"అదీ ఆలోచించానండి. దారి మారిందంటే ఇంజనీర్లు మళ్లీ మొదట్నుంచీ అనుమతి ఇవ్వాలి. రెండు నెలలు పడుద్ది. ఈలోగా పథకం రద్దయిపోద్ది. కొలత తప్పు అని రాస్తే నా అధికారంలో పని, ఇవాళే అయిపోద్ది."

"కారణం రాయకుండా పంపితే?"

"కారణం గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు గదండీ."

గణేశ్వరరావు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఆ గడి పెట్టాల్సిందేనని పట్టుబట్టింది నేనే. కారణం చెప్పకుండా ఎవడూ ఏదీ మార్చకూడదని." కాగితం వెనక్కి జరిపి అడిగాడు. "నేను వద్దంటే ఆగుతావా?"

ఆ మాట అడుగుతాడనే ఆమె భయం. జీపులో వస్తున్నంతసేపూ దానికే జవాబు వెతుక్కుంది. తండ్రి పోయాక తనకు అంతటివాడు ఈయనే. అయినా కొండ అంచున నిలబడ్డ పిల్లలు కళ్లముందు నుంచి కదలడం లేదు.

"ఆగనండి," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు తిట్టినా సరే, ఆగను."

ఆయన తిట్టలేదు. ఆమె వైపు అదోలా చూశాడు. కోపం కాదది. తను నేర్పిన పాఠం ఎవరో తన కంటే బాగా అప్పజెప్పినప్పుడు పంతులు చూసే చూపు. మోకాలు పట్టుకుని లేచి గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు.

నాలుగూ యాభైకి నూకరత్నం కారణం గడిలో ఉన్నది ఉన్నట్టు రాసింది. నేను స్థలం చూడకుండా, మ్యాపు మీది దూరాన్ని నిజమని ధ్రువీకరించినందువల్ల. మీట నొక్కింది. తెర మీద చక్రం తిరిగీ తిరిగీ, చివరికి సవరణ ప్రకటన స్వీకరించామని అంకెతో సహా చూపించింది. జీలుగులోవ దూరం ఆరేళ్లకు సర్కారు కాగితంలో సరిగ్గా పడింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏడవకుండా బూట్ల లేసులు వదులు చేసుకుని కూర్చుంది.

ఐదుంబావుకి పైనుంచి పిలుపొచ్చింది. జనరల్ మేనేజరు ధర్మతేజ పిలుస్తున్నాడని అటెండరు జోగులు చెప్పాడు.

ధర్మతేజ వయసులో ఆమె కంటే పదేళ్లు చిన్న. మాట తక్కువ, పని సూటి. ఆయన ఎదుటి కుర్చీలో గణేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి ఆమె అప్‌లోడ్ చేసిన ప్రకటన. రెండోది చేతిరాత. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆమెకు గుమ్మంలోంచే తెలిసిపోయింది.

"నూకరత్నం గారూ, ఇది చదవండి," అన్నాడు ధర్మతేజ.

ఆమె నిలబడే చదివింది. స్థల పరిశీలన రోజున నూకరత్నం నర్సీపట్నంలోనే ఉన్నదనీ, కొండ దగ్గరికి తానొక్కడే వెళ్లాననీ, సర్టిఫికెట్టు మీద ఆమె సంతకం కూడా తానే పెట్టాననీ గణేశ్వరరావు రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాడు.

"ఇది అబద్ధం సార్," అందామనుకుంది. అనేలోపే ధర్మతేజ చెయ్యెత్తి ఆపాడు.

"తొందరపడకండి. ముందు వినండి. కొండమీద మీరు ఒప్పుకున్నారని మంగరాజు ఇందాక ఫోన్లో చెప్పాడు, మెచ్చుకుంటూనే చెప్పాడు. మీ మాట నిజమైతే మీకు మెమో ఇవ్వాలి. మెమో ఇచ్చిన రోజునే మిమ్మల్ని ఈ టెండరు నుంచి తప్పించాలి, అది నియమం. మీ స్థానంలో ఇంకొకరు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకే తెలుసు. గడువు ఏడు రోజులు. ఆలోగా ఎవరూ రాకపోతే మూడో టెండరూ పోయినట్టే. ఈయన మాట నిజమైతే మీరు టెండరు తెరవొచ్చు. కానీ ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం మెమోతో పోయేది కాదు. ఇది పోలీసుల దాకా పోతుంది."

గణేశ్వరరావు ధర్మతేజ వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

"నీకింకా పద్నాలుగేళ్ల సర్వీసుందమ్మా," అన్నాడు. "ఆ రోజు వానలో తడవడమెందుకు, పెట్టీ అని పెన్ను నీ చేతికిచ్చింది నేను. ఆ ఊరికి నీళ్లు దిగేదాకా నువ్వు ఆ కుర్చీలో ఉండాలి. నా మాట కాదనకు."

"మీరు కాసేపు ఊరుకోండి సార్, ఇప్పుడన్నది నేను వినలేదు," అని ఆయన్ని ఆపి, ధర్మతేజ పెన్ను మూత తీశాడు. "ఇద్దరిదీ నిజం కావడానికి వీల్లేదు. మీరు చెప్పిందే పైకి పంపుతాను నూకరత్నం గారూ. ఆ రోజు లచ్చన్న టీ కొట్టు దగ్గర మీరున్నారా, లేరా?"

నూకరత్నం ఆ చేతిరాత కాగితాన్ని మడత పెట్టకుండా, చించకుండా, జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. మాస్టారి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాసుకోండి సార్," అంది.